ఫైబర్ కనెక్షన్‌కి సొంత మోడెమ్ కొనాలా? రౌటర్ ఏది తీసుకోవాలి?

మీ ప్రశ్న క్లుప్తంగా ఇదీ: కొత్తగా 300 ఎంబీపీఎస్ ఫైబర్ కనెక్షన్ పెట్టించుకుంటున్నారు. కంపెనీవాళ్ళు ఒక బాక్స్ ఇస్తామన్నారు. "అది పనికిరాదు, మంచి మోడెమ్ ఒకటి, వైఫై 7 రౌటర్ ఒకటి సొంతంగా కొనుక్కో" అని మీ స్నేహితుడు అన్నారు. ఇల్లు రెండంతస్తులు. పాత కనెక్షన్ ఉన్నప్పుడు కూడా పైగదిలో వీడియో కాల్స్ తెగిపోయేవి. ఇప్పుడు ఏం కొనాలి?

ముందు సూటిగా చెప్పేస్తాను. మోడెమ్ కొనకండి. రౌటర్ కూడా ఇప్పుడే కొనకండి. కంపెనీ ఇచ్చిన బాక్స్‌తోనే కొన్నాళ్ళు వాడి, కింద చెప్పబోయే పద్ధతిలో స్పీడ్ కొలిచి చూడండి. అప్పటికీ రౌటర్ కావాలనిపిస్తే, అన్ని పోర్టులూ గిగాబిట్ (1000 ఎంబీపీఎస్) ఉన్న మామూలు డ్యూయల్ బ్యాండ్ (2.4, 5 గిగాహెర్ట్జ్ రెండూ ఉన్న) వైఫై 6 రౌటర్ మీ కనెక్షన్‌కి సరిపోతుంది. పైగది సంగతి వేరు. కింద హాల్లో ఓ మూలన ఎంత ఖరీదైన రౌటర్ పెట్టినా అది తీరదు. పైకి ఒక కేబుల్ లాగి, అక్కడ రెండో వైఫై పెట్టాలి. రౌటర్ కోసం పక్కన పెట్టుకున్న డబ్బులో సగం ఆ కేబుల్ పనికి పెడితే మీకు తేడా బాగా తెలుస్తుంది.

ఇళ్ళకీ చిన్న ఆఫీసులకీ నెట్‌వర్కులు పెట్టడం నా పని. అక్కడ చూసినదాన్ని బట్టే కారణాలు చెబుతున్నాను.

మోడెమ్ ఎంపిక మీ చేతిలో ఉండదు

ఇంట్లో ఉండే ఆ ఒక్క డబ్బాలో నిజానికి రెండు రకాల పనులు జరుగుతుంటాయి. బయటినుంచి వచ్చే లైన్‌ని నెట్‌గా మార్చడం ఒకటి. ఆ నెట్‌ని కేబుల్ ద్వారానో వైఫై ద్వారానో ఫోన్లకీ టీవీకీ లాప్‌టాప్‌కీ పంచడం రెండోది. మొదటి పనికి ఏ పరికరం కావాలో మీ లైన్, మీ కంపెనీ నిర్ణయిస్తాయి. రెండోదానికి ఏది కావాలో మీ ఇల్లు నిర్ణయిస్తుంది. ఈ రెంటినీ కలిపేసి "ఏ మోడెమ్ రౌటర్ మంచిది" అని వెతకడం మొదలుపెడితే ఎంత చదివినా తేలదు.

ఫైబర్‌లో మోడెమ్ స్థానంలో ఉండేదాన్ని ఓఎన్‌టీ అంటారు. ఎక్కువ కంపెనీలు వాడే జీపాన్ పద్ధతిలో ఒకే ఫైబర్‌ని స్ప్లిటర్‌తో చీల్చి 32 లేదా 64 ఇళ్ళదాకా ఇస్తారు. డౌన్‌లోడ్‌కి దాదాపు 2.5 గిగాబిట్లు, అప్‌లోడ్‌కి దాదాపు 1.25 గిగాబిట్లు ఆ ఇళ్ళన్నీ పంచుకుంటాయి. ఏ ఇంటి బాక్స్ ఏ క్షణంలో పంపాలో కంపెనీ వైపు ఉండే ఓఎల్‌టీ అనే పరికరం చెబుతుంది. తన దగ్గర సీరియల్ నంబర్ నమోదు కాని బాక్స్‌ని అది లోపలికి రానివ్వదు. మీరు ఎంత మంచి ఓఎన్‌టీ కొని తెచ్చినా, కంపెనీ ఒప్పుకుని నమోదు చేస్తే తప్ప లైటు కూడా సరిగ్గా వెలగదు. పైగా దాన్ని మారిస్తే స్పీడ్ పెరగదు.

కేబుల్ టీవీ వైరు మీద నెట్ వచ్చేచోట లెక్క వేరు. అక్కడ చాలా కంపెనీలు సొంత మోడెమ్‌ని ఒప్పుకుంటాయి, తాము ఆమోదించిన మోడళ్ళ జాబితా కూడా ఇస్తాయి. ఆ జాబితాలో ఉన్నదే కొనాలి, అదీ డాక్సిస్ (కేబుల్ టీవీ వైరు మీద నెట్ పంపే ప్రమాణం) 3.1 మోడెమ్ అయితే మేలు. 3.0 ప్రమాణం 2006 నాటిది, 3.1 వచ్చింది 2013లో. పాతది సెకండ్ హ్యాండ్‌లో దొరికిందని తీసుకుంటే నాలుగు రోజులకే ప్లాన్ పెంచుకున్నప్పుడు మళ్ళీ మార్చాల్సి వస్తుంది. ఇంటెల్ పూమా 6 చిప్ ఉన్న కొన్ని మోడెమ్‌లలో పింగ్ (సమాచారం వెళ్ళి తిరిగి రావడానికి పట్టే సమయం) ఉన్నట్టుండి ఎగిరిపడే సమస్య ఉండేది. సెకండ్ హ్యాండ్ కొనేవాళ్ళు లోపల ఏ చిప్ ఉందో చూసుకోవాలి. నెలనెలా మోడెమ్ అద్దె కట్టేవాళ్ళకి సొంతది కొనుక్కోవడం లాభమే. మీ స్నేహితుడు బహుశా ఇలాంటి కనెక్షన్ గురించి విని ఉంటారు.

టెలిఫోన్ తీగ మీద వచ్చే డీఎస్ఎల్ అయితే దూరమే అన్నీ తేలుస్తుంది. ఏడీఎస్ఎల్ 2 ప్లస్ గరిష్ఠంగా 24 ఎంబీపీఎస్, అదీ ఎక్స్ఛేంజ్ దగ్గర్లో ఉంటేనే. అక్కడ ఖరీదైన మోడెమ్ కొని లాభం లేదు.

బాక్స్ పెట్టడానికి వచ్చినప్పుడు అడగాల్సినవి

టెక్నీషియన్ వచ్చిన రోజే ఇవి తెలుసుకోండి. ఆయన వెళ్ళిపోయాక కస్టమర్ కేర్‌తో ఇవే మాట్లాడాలంటే తల ప్రాణం తోకకొస్తుంది.

బాక్స్‌ని బ్రిడ్జ్ మోడ్‌లో పెడతారా అని అడగండి. పెడితే అది లైన్ పని మాత్రమే చేసి, మిగతాదంతా మీ రౌటర్‌కి వదిలేస్తుంది. లాగిన్‌కి పీపీపీఓఈ (రౌటర్ కంపెనీ లైన్‌లోకి లాగిన్ అయ్యే పద్ధతి) యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ ఉంటే రాయించుకోండి. వీలాన్ నంబర్ (ఒకే లైన్ మీద నెట్, ఫోన్, టీవీలని వేరుచేసే నంబరు) ఉంటే అదీ కావాలి. అది లేక రౌటర్‌లో అన్నీ సరిగ్గా నింపి కూడా నెట్ రాక జుట్టు పీక్కున్నవాళ్ళని చూశాను. ల్యాండ్‌లైన్ ఫోన్, టీవీ చానళ్ళు అదే బాక్స్‌లోంచి వస్తుంటే బ్రిడ్జ్ చేశాక అవి పనిచేస్తాయా అన్నది ముందే అడగాలి. కొన్నిచోట్ల ఆగిపోతాయి.

బ్రిడ్జ్ కుదరదన్నారని టెన్షన్ పడక్కర్లేదు. మీ రౌటర్‌ని యాక్సెస్ పాయింట్ మోడ్‌లో (వైఫై పంచడం మాత్రమే చేసేలా) పెట్టి, కంపెనీ బాక్స్‌లో వైఫై ఆపేస్తే చాలు. రౌటర్‌ని రౌటర్ మోడ్‌లోనే ఉంచితే డబుల్ నాట్ (ఐపీ అడ్రస్ మార్పిడి రెండుచోట్ల జరగడం) అవుతుంది గానీ, వెబ్ చూడటానికీ వీడియోలకీ దానివల్ల ఏ ఇబ్బందీ తెలియదు. గేమ్ కన్సోల్, బయటినుంచి ఇంట్లో కెమెరాలు నేరుగా చూడటం వంటివాటికే చిక్కు. అదీ కాక, కంపెనీ మీకు 100.64 నుంచి 100.127 మధ్య మొదలయ్యే ఐపీ ఇస్తుంటే అది సీజీనాట్, అంటే ఒకే పబ్లిక్ ఐపీని చాలామంది కస్టమర్లకి పంచడం. బ్రిడ్జ్ చేసినా పోర్ట్ ఫార్వర్డింగ్ (బయటినుంచి ఇంట్లో పరికరానికి దారి తెరవడం) పనిచేయదు. అది కావాలంటే పబ్లిక్ ఐపీ అడిగి తీసుకోవాలి.

ఫైబర్ తీగ చివర ఉండే కనెక్టర్ రంగు కూడా ఒకసారి చూడండి. ఆకుపచ్చది ఏపీసీ, దాని కొస 8 డిగ్రీలు ఏటవాలుగా అరగదీసి ఉంటుంది. నీలంది యూపీసీ. ఒకదానికి ఇంకోటి తగిలించినా లోపలికి దూరుతుంది, నెట్ కూడా రావచ్చు, కానీ కాంతి చాలా నష్టపోతుంది. బాక్స్ సెట్టింగ్స్‌లో రిసీవ్ పవర్ అని కనిపిస్తుంది, అంటే బాక్స్‌కి అందుతున్న కాంతి బలం. జీపాన్‌లో మైనస్ 8కీ మైనస్ 27 డీబీఎంకీ మధ్య ఉండాలి. మైనస్ 26, 27 దగ్గర ఉంటే పనిచేస్తున్నట్టే ఉండి, అప్పుడప్పుడు ఎర్ర లైటు వెలుగుతుంది. తీగని మేకు చుట్టూ గట్టిగా మడిచినా ఇదే జరుగుతుంది. అలాంటప్పుడు రౌటర్ మార్చి ప్రయోజనం లేదు.

కొనేముందు కొలవండి

లాప్‌టాప్‌ని కేబుల్‌తో నేరుగా కంపెనీ బాక్స్‌కి తగిలించి స్పీడ్ టెస్ట్ చేయండి. తర్వాత అదే బాక్స్ వైఫైకి, అదే గదిలో రెండు మూడు మీటర్ల దూరంలో 5 గిగాహెర్ట్జ్ మీద చేయండి. ఆపైన పైగదిలో చేయండి. అంకె ఎక్కడ పడిపోయిందో జబ్బు అక్కడుంది. కేబుల్ మీదే 300 రాకపోతే అది లైన్ సమస్య, కంపెనీకి ఫిర్యాదు చేయాలి. కేబుల్ మీద వచ్చి, పక్కనే ఉన్నా వైఫైలో 80 వస్తుంటే బాక్స్ వైఫై బలహీనం, రౌటర్ కొనొచ్చు. దగ్గర్లో బాగుండి పైన పడిపోతుంటే గోడలూ స్లాబూ కారణం.

స్పీడ్ టెస్ట్‌లో కనిపించేది మెగాబిట్లు, ఫైల్ డౌన్‌లోడ్ అవుతున్నప్పుడు కనిపించేది చాలాసార్లు మెగాబైట్లు. 300 ఎంబీపీఎస్ అంటే సెకనుకి 37 మెగాబైట్ల చిల్లర. ఇది తెలియక కంపెనీ మోసం చేసిందని గొడవకి దిగేవాళ్ళు తక్కువేం కాదు.

కేబుల్ మీద 94 లేదా 95 దగ్గర ఆగిపోతే మాత్రం వెంటనే కారణం చెప్పేయొచ్చు. దారిలో ఎక్కడో 100 ఎంబీపీఎస్ పోర్టో, పాడైన కేబులో ఉంది. గిగాబిట్‌కి ఎనిమిది తీగలూ కావాలి. నాలుగే తగిలితే రెండు వైపులా సద్దుకుని 100కి దిగిపోతాయి. ఒక ఇంట్లో కొత్త రౌటర్ పెట్టాక కూడా స్పీడ్ 94 దాటట్లేదని పిలిచారు. రౌటర్ మీద అనుమానంతో అప్పటికే ఇంకోటి ఆర్డర్ పెట్టేశారు. కేబుల్ చివర ఉన్న ప్లగ్‌ని వెలుగులో తిప్పి చూస్తే గోధుమరంగు తీగ కొస ప్లగ్ చివరిదాకా వెళ్ళలేదు, లోపల చిన్న ఖాళీ కనిపిస్తోంది. ఆ కొస కత్తిరించి కొత్త ప్లగ్ వేస్తే సరిపోయింది.

రౌటర్ బాక్స్ మీద ఏం చదవాలి

మొదట చూడాల్సింది పోర్టులు, వైఫై అంకెలు ఆ తర్వాత. ఇప్పటికీ చౌక మోడళ్ళలో "ఏసీ 1200" అని పెద్ద అక్షరాలతో వేసి, వెనకాల 10/100 పోర్టులు పెడుతున్నారు. 1200 అంకె చూసి కొన్నారంటే పప్పులో కాలేసినట్టే. మీ 300 ప్లాన్ ఆ పోర్టు దగ్గరే 95కి పడిపోతుంది. స్పెసిఫికేషన్లలో వ్యాన్ పోర్టు (బయటి లైన్ వచ్చేది), ల్యాన్ పోర్టులు (ఇంట్లో పరికరాలకి వెళ్ళేవి) రెండింటికీ 10/100/1000 అని ఉండాలి. 1 గిగాబిట్ దాటిన ప్లాన్ తీసుకునే ఉద్దేశం ఉంటేనే 2.5 గిగాబిట్ పోర్టు గురించి ఆలోచించండి.

ఇక ఆ పెద్ద అంకెల సంగతి. ఏఎక్స్ అంటే వైఫై 6. ఏఎక్స్ 3000 అంటే 5 గిగాహెర్ట్జ్‌లో 2402, 2.4 గిగాహెర్ట్జ్‌లో 574, రెండూ కూడి సుమారుగా 3000 అని రాసుకోవడం. మీ ఫోన్ ఒకసారికి ఒక బ్యాండ్ మీదే ఉంటుంది కాబట్టి ఈ కూడికకి అర్థం లేదు. ఆ 2402 కూడా 160 మెగాహెర్ట్జ్ వెడల్పు చానల్ మీద వచ్చేది. చాలా ఫోన్లు 80 దగ్గరే ఆగుతాయి, అంటే 1201. అదైనా గాల్లో జరిగే సంధానం వేగమే. దగ్గర్లో కూర్చుని టెస్ట్ చేస్తే చేతికందేది 600 నుంచి 800 దాకా ఉంటుంది. మీ 300కి ఇది బోలెడు. కాబట్టి ఏఎక్స్ 1800, ఏఎక్స్ 3000 ఏదైనా ఫరవాలేదు. ప్రాసెసర్, ర్యామ్ కాస్త మెరుగ్గా ఉంటాయని నేనైతే 3000 వైపు మొగ్గుతాను.

వైఫై 7? మీకిప్పుడు అక్కర్లేదు. దాని అసలు బలం 6 గిగాహెర్ట్జ్‌లో 320 మెగాహెర్ట్జ్ వెడల్పు చానళ్ళు, ఒకేసారి రెండు బ్యాండ్ల మీద నడవడం. దానికి ఫోనూ లాప్‌టాప్ కూడా వైఫై 7వి అయి ఉండాలి, మీ దేశంలో 6 గిగాహెర్ట్జ్‌కి అనుమతి ఉండాలి. తమాషా ఏమిటంటే బాక్స్ మీద వైఫై 7 అని ఉండి, లోపల 6 గిగాహెర్ట్జ్ రేడియోనే లేని రౌటర్లు అమ్ముతున్నారు. బీఈ 3600 అని కనిపించేవి అలాంటివే, 2.4, 5 మాత్రమే ఉంటాయి. వైఫై 6 మోడల్‌కీ దానికీ ధరలో పెద్ద తేడా లేకపోతే తీసుకోండి, నష్టమేం లేదు. దానికోసం రెట్టింపు పెట్టడం మాత్రం దండగ. యాంటెనాల సంఖ్య చూసి మురిసిపోవద్దు. ఎనిమిది కొమ్ములున్న రౌటర్ కూడా చట్టం అనుమతించిన పవర్ దాటి పంపకూడదు. పైగా రౌటర్ అరిచినంత గట్టిగా మీ ఫోన్ తిరిగి అరవలేదు.

పైగది సంగతి

2.4 గిగాహెర్ట్జ్ గోడల్లోంచి బాగా వెళ్తుంది, కానీ నెమ్మది, రద్దీ ఎక్కువ. ఒకదానిమీద ఒకటి పడని చానళ్ళు 1, 6, 11 మూడే. చుట్టుపక్కల ఇళ్ళ వైఫైలూ బ్లూటూతూ మైక్రోవేవ్ ఓవెనూ అన్నీ అక్కడే. 5 గిగాహెర్ట్జ్ వేగం, కానీ ఇటుక గోడ ఒకటి దాటితే తగ్గుతుంది, ఇనుప కడ్డీలున్న కాంక్రీట్ స్లాబ్ దగ్గర బాగా నీరసపడుతుంది. మీ వీడియో కాల్స్ తెగిపోవడానికి కారణం దాదాపుగా ఇదే. కాల్‌కి 4 ఎంబీపీఎస్ ఉన్నా చాలు, 4కే సినిమాకి 15 సరిపోతుంది. మీకు కావాల్సింది నిలకడ.

ముందు పైసా ఖర్చు లేని పని. రౌటర్‌ని టీవీ వెనకనుంచి, ఇనుప అల్మరాలోంచి బయటికి తీయండి. అద్దం, ఫిష్ ట్యాంక్ పక్కన వద్దు. నీళ్ళు సిగ్నల్‌ని పీల్చేస్తాయి. ఇంటి మధ్యలో, ఛాతీ ఎత్తుకి పైన పెట్టండి. కొన్ని ఇళ్ళలో ఇంతటితోనే పని అయిపోతుంది. ఓఎన్‌టీ గుమ్మం దగ్గరే ఉండనివ్వండి, దాన్నుంచి ఈథర్‌నెట్ కేబుల్ లాగి రౌటర్‌ని మధ్యకి తెచ్చుకోండి.

మీది రెండంతస్తులు కాబట్టి పైన ఇంకోటి కావాల్సే వస్తుంది. ఇక్కడ మూడు దారులున్నాయి. అన్నిటికన్నా నాసిరకం రిపీటర్. అది అందుకున్నదాన్నే చాలావరకు అదే రేడియో మీద తిరిగి పంపుతుంది కాబట్టి స్పీడ్ సగానికి పడుతుంది, పైగా బలహీనమైన సిగ్నల్ ఉన్నచోటే దాన్ని పెడతారు. ఫోన్‌లో గీతలు నిండుగా కనిపిస్తాయి, నెట్ మాత్రం నడవదు. మెష్ (ఒకే నెట్‌వర్క్‌గా కలిసి పనిచేసే రెండు మూడు యూనిట్లు) దానికన్నా చాలా నయం. కాకపోతే యూనిట్ల మధ్య సంధానం వైఫై మీదే అయితే ఆ స్లాబ్ గండం అక్కడా ఉంటుంది. రెండో యూనిట్‌ని సిగ్నల్ లేనిచోట కాకుండా సగం దారిలో, మెట్ల దగ్గర పెట్టాలి. ఇలాంటిచోట ట్రై బ్యాండ్ మెష్ ఉంటే ఒక బ్యాండ్ యూనిట్ల మధ్య మాటలకే పోతుంది కాబట్టి మెరుగు.

మూడోది, నేను పెట్టమనేది: కేబుల్. కింది రౌటర్ నుంచి పైకి ఒక క్యాట్ 6 వైరు, దాని చివర యాక్సెస్ పాయింట్ మోడ్‌లో ఇంకో రౌటర్. పాతది ఏదైనా గిగాబిట్ పోర్టులున్నది ఇంట్లో పడి ఉంటే అదీ పనికొస్తుంది. రెండింటికీ ఒకే వైఫై పేరు, ఒకే పాస్‌వర్డ్, వేర్వేరు చానళ్ళు పెట్టండి. రౌటర్ పవర్ మరీ ఎక్కువ ఉంటే పైకి వెళ్ళినా ఫోన్ కిందిదాన్నే పట్టుకు వేలాడుతుంది, అప్పుడు కిందిదాని పవర్ కాస్త తగ్గించండి. క్యాట్ 5ఈ అయినా 100 మీటర్లదాకా గిగాబిట్ మోస్తుంది కాబట్టి పాత వైరింగ్ ఉంటే పీకేయకండి. కొత్తది కొంటే పూర్తి రాగిది అడగండి. అల్యూమినియం మీద రాగిపూత వేసినవి చౌకగా వస్తాయి, నాలుగుసార్లు వంచితే లోపల విరుగుతాయి. గోడలో కేబుల్ టీవీ వైరు ఇప్పటికే పైకి వెళ్ళి ఉంటే మోకా అడాప్టర్ల (ఆ వైరు మీదే ఈథర్‌నెట్ పంపేవి) జత పెట్టినా పనవుతుంది.

ఈమధ్య ఒక ఇంట్లో మూడు యూనిట్ల మెష్ పెట్టుకుని కూడా పైన 20, 30 దాటట్లేదన్నారు. యూనిట్లన్నీ సరైనవే, సెట్టింగ్సూ సరైనవే. ఒకే ఒక్క వైరు మెట్ల గోడ వెంబడి పైకి లాగి రెండో యూనిట్ వెనక గుచ్చితే ప్లాన్ స్పీడ్ మొత్తం పైన వచ్చేసింది. మూడో యూనిట్‌ని తీసి పెట్టెలో పెట్టేశాం.

ఇంకొన్ని చిన్న విషయాలు

ఇంట్లో ఒకరు ఫొటోలు క్లౌడ్‌లోకి ఎక్కిస్తుంటే ఇంకొకరి కాల్ ఆగి ఆగి వస్తుందా? అది బఫర్‌బ్లోట్. స్పీడ్ ఉన్నా, లైన్ నిండినప్పుడు పింగ్ వందల మిల్లీసెకన్లకి పోతుంది. ఎస్‌క్యూఎం అనే, లైన్‌లో క్యూ పెరగకుండా చూసే సదుపాయం ఉన్న రౌటర్‌లో లిమిట్‌ని అసలు స్పీడ్‌లో 90 శాతం దగ్గర పెడితే సర్దుకుంటుంది. ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ అనే ఉచిత రౌటర్ సాఫ్ట్‌వేర్ వేసుకోగలిగే మోడళ్ళలో ఇది దొరుకుతుంది. అయితే దీన్ని ఆన్ చేస్తే భారమంతా ప్రాసెసర్ మీద పడుతుంది, చౌక రౌటర్‌లో మొత్తం స్పీడే తగ్గిపోవచ్చు.

ఎన్నేళ్ళు ఫర్మ్‌వేర్ (రౌటర్ లోపలి సాఫ్ట్‌వేర్) అప్‌డేట్లు ఇస్తారో చూసి కొనండి. 2018లో బయటపడ్డ వీపీఎన్‌ఫిల్టర్ మాల్‌వేర్ 54 దేశాల్లో కనీసం 5 లక్షల రౌటర్లు, స్టోరేజ్ పరికరాల్లోకి దూరింది. దాని గురి ఎక్కువగా తెలిసిన లోపాలున్న, అప్‌డేట్ చేయని పరికరాల మీదే. ఆటో అప్‌డేట్ ఆన్‌లో, డబ్ల్యూపీఎస్ (పాస్‌వర్డ్ కొట్టకుండా బటన్‌తో కలిపే సదుపాయం), రిమోట్ మేనేజ్‌మెంట్ ఆఫ్‌లో ఉండాలి. అడ్మిన్ పాస్‌వర్డ్ మొదటిరోజే మార్చండి. వైఫై పాస్‌వర్డ్ వేరు, అడ్మిన్ పాస్‌వర్డ్ వేరు. సెక్యూరిటీ డబ్ల్యూపీఏ 2, 3 కలిపి ఉన్నది పెట్టండి. డబ్ల్యూపీఏ 3 ఒక్కటే పెడితే పాత ప్రింటర్లు, స్మార్ట్ బల్బులు కలవవు. అవి చాలావరకు 2.4 మీదే నడుస్తాయి కాబట్టి ఆ బ్యాండ్‌ని పూర్తిగా ఆపేయకండి.

కరెంటు పోయినా నెట్ కావాలంటే చిన్న డీసీ యూపీఎస్ పెట్టుకోవచ్చు. ఓఎన్‌టీ, రౌటర్ అడాప్టర్ల మీద రాసిన వోల్టులు, ఆంపియర్లు రెండూ చూసి కొనండి. 12 వోల్టులు 1.5 ఆంపియర్లు అడిగే రౌటర్‌కి 1 ఆంపియర్‌ది పెడితే మామూలప్పుడు నడిచి, వైఫై లోడ్ పెరగ్గానే రీస్టార్ట్ అవుతుంది. ఒక్కదానికే పెడితే లాభం లేదు, రెండిటికీ కరెంటు ఉండాలి.

కనెక్షన్ వచ్చాక ఆ మూడుచోట్ల వచ్చిన స్పీడులు, కంపెనీ బాక్స్ మోడల్ నంబరు, కిందినుంచి పైకి వైరు పోయే దారి ఉందా లేదా అన్నది ఇక్కడే రాయండి. రౌటర్ అవసరమా, యాక్సెస్ పాయింట్ ఒక్కటి సరిపోతుందా అన్నది అప్పుడు ఖాయంగా చెప్పగలను.